పూలతోట వెనక చేపల పాయ

ఏప్రిల్‌ వస్తే చాలు... అమెరికాలో సియాటిల్‌ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల ఫొటోల నిండా తులిప్‌ పూలే. ఎర్ర వరస, పసుపు వరస, ఊదా వరస... మధ్యలో పట్టులంగాలు కట్టుకున్న పిల్లలు, దూరంగా మంచుకొండలు! ఆ పూలతోటలకు కాస్త అవతల ఓ మట్టిగట్టు ఉంటుంది. దాన్ని ఎక్కి చూసేవాళ్లు తక్కువ. ఎక్కినా కనిపించేది బురద, రెల్లు, వాటి మధ్య మెలికలు తిరిగిన నీటిపాయలు. ఫొటోకి పనికొచ్చే దృశ్యమేం కాదు. కానీ ఆ లోయ అసలు కథంతా ఆ పాయల్లోనే ఉంది. సాల్మన్‌ పిల్లలు పెరిగేది అక్కడే. ట్రౌట్‌ చేపలు దాక్కునేది అక్కడే. ఓపికున్నవాళ్లు గాలం వేసేది అక్కడే. చేపల కోసం మనుషులు తాము కట్టుకున్న గట్టుని తామే వెనక్కి జరిపిందీ అక్కడే!

అచ్చం మన లంకలాగే!

అక్టోబరు చివరి వారంలో ఓ శనివారం. తెల్లవారుజామున నాలుగున్నరకి బెల్‌వ్యూలో బయల్దేరాం. నేనూ, అక్కడ సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య (పెద్దమ్మ కొడుకు), అతని మామగారూ. మామయ్యగారిది కోనసీమలో ఓ లంక గ్రామం. కొబ్బరితోట, కొంచెం వరిపొలం. కూతురి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చారు. 'చేపలకి వెళ్తున్నాం, వస్తారా?' అని అడిగితే మా అందరికంటే ముందు తయారై, మంకీక్యాప్‌ పెట్టుకుని కారు దగ్గర నిలబడ్డారు.

సియాటిల్‌ నుంచి ఉత్తరానికి ఐ-5 హైవే మీద సుమారు 100 కిలోమీటర్లు వెళ్తే మౌంట్‌ వెర్నన్‌ అనే ఊరొస్తుంది. దాన్ని ఆనుకునే స్కాజిట్‌ నది. కెనడాలోని బ్రిటిష్‌ కొలంబియా కొండల్లో పుట్టి, సరిహద్దు దాటి, సుమారు 240 కిలోమీటర్లు ప్రయాణించి ప్యూజెట్‌ సౌండ్‌ అనే సముద్రపు పాయలో కలుస్తుంది. ప్యూజెట్‌ సౌండ్‌లోకి వచ్చే నదులన్నిటిలోకీ ఇదే పెద్దది. చినూక్‌, కోహో, చమ్‌, పింక్‌, సాకై... పసిఫిక్‌ తీరంలోని ఈ అయిదు రకాల సాల్మన్లూ ఈ ఒక్క నదిలోనే దొరుకుతాయి. వాటికి తోడు స్టీల్‌హెడ్‌, కట్‌త్రోట్‌ అనే ట్రౌట్‌ చేపలు అదనం.

మౌంట్‌ వెర్నన్‌ దాటాక నది రెండుగా చీలుతుంది. ఉత్తరపాయ, దక్షిణపాయ. రెంటి మధ్యా ఉన్న నేల పేరు ఫర్‌ ఐలాండ్‌. కారు వంతెన దిగి ఆ దీవిలోకి అడుగుపెట్టేసరికి తెల్లారుతోంది. చుట్టూ బల్లపరుపు పొలాలు. బంగాళాదుంపలు తవ్వేసిన మళ్లు, క్యాబేజీ, బీట్‌రూట్‌ విత్తనాల కోసం వేసే చేలు. రోడ్డుకి ఓ పక్కన ఏటిగట్టు, దాని వెనకాల నది. పొలాల కంటే గట్టు ఎత్తు, గట్టెక్కితే గానీ నీళ్లు కనపడవు.

'ఇది మా లంకేనయ్యా అల్లుడుగారూ! కొబ్బరిచెట్లు లేవు గానీ...' అన్నారు మామయ్యగారు కారు అద్దం దించి.

అంతలో పొలంలో తెల్లటి దుప్పటి పరిచినట్టున్నది ఒక్కసారిగా గాల్లోకి లేచింది. మంచుబాతులు! రష్యాకి ఉత్తరాన ఉన్న రాంగెల్‌ దీవి నుంచి చలికాలం గడపడానికి ఏటా ఇక్కడికే వస్తాయి. వేల రెక్కల చప్పుడుకి కాసేపు మాటలు ఆగిపోయాయి.

స్లూ... అంటే?

అన్నయ్యతో పనిచేసే ఓ సహోద్యోగి మాకోసం గట్టు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఈ లోయలోనే పుట్టి పెరిగినవాడు. ట్రక్కు వెనకాల చిన్న అల్యూమినియం పడవ. దించేముందు జేబులోంచి ఓ కాగితం తీసి చూసుకున్నాడు. ఆ రోజు పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి అన్న లెక్క అది. 'ఇక్కడ గడియారం కంటే ఇది ముఖ్యం. పాటు తీసే వేళకి బయటపడకపోతే పడవ బురదలో కూర్చుంటుంది. మళ్లీ పోటు వచ్చేదాకా మనమూ దాంతోపాటే!' అన్నాడు. అన్నయ్య తెలుగులో చెప్పబోతే మామయ్యగారు వారించారు. ఆ కాగితంలోని అంకెలు చూసి విషయమేంటో ఆయనకి అప్పటికే అర్థమైపోయింది.

మేం వెళ్లింది పెద్దనదిలోకి కాదు. దాన్నుంచి విడిపోయి, రెల్లు మధ్యగా మెలికలు తిరుగుతూ సముద్రం వైపు పోయే సన్నపాయలోకి. ఇలాంటివాటిని అక్కడివాళ్లు 'స్లూ' అంటారు. ఫ్రెష్‌వాటర్‌ స్లూ, స్టీమ్‌బోట్‌ స్లూ, టామ్‌ మూర్‌ స్లూ, వైలీ స్లూ... దక్షిణపాయ చుట్టూ ఇలాంటివి అల్లుకుని ఉన్నాయి. కొన్ని రెండు చివర్లా నదితో కలుస్తాయి. కొన్నిటికి ఒకవైపే దారి. పోటు వచ్చినప్పుడు నిండుతాయి, పాటు తీసినప్పుడు అడుగంటుతాయి.

పక్కనే అంత పెద్ద నది ఉండగా ఈ బురదపాయలో చేపలెందుకు ఉంటాయి? మాకొచ్చిన మొదటి అనుమానం అదే. అందుకు జవాబు నీటి వేగంలో ఉంది. పెద్దనదిలో ప్రవాహం జోరు. అందులో ఒకచోట నిలబడాలంటే చేప నిరంతరం ఈదుతూనే ఉండాలి. అంటే తిన్నదంతా కష్టానికే సరిపోతుంది. పాయలో నీరు నెమ్మది. ఒరిగిన చెట్ల కొమ్మల కిందా, కోసుకుపోయిన ఒడ్డు కిందా నీడ. నీటిపురుగులకీ, చిన్న చేపలకీ కొదవ లేదు. పైగా స్కాజిట్‌లో కలిసే సాక్‌ అనే ఉపనది హిమానీనదాల నుంచి వస్తుంది. అది మోసుకొచ్చే సన్నటి మన్నుతో పెద్దనీరు తరచూ పాలవిరుగుడు రంగులోకి మారిపోతుంది. అలాంటి రోజుల్లో కూడా కొన్ని పక్కపాయలు తేటగానే ఉంటాయి. ఎదురీది అలసిన పెద్ద చేపకి ఇది సత్రం. పిల్లచేపకి పుట్టిల్లు.

మన కోరంగి మడ అడవుల్లో చిన్నచిన్న కాలువల్లోనే కదా రొయ్యపిల్లా, చేపపిల్లా పెరిగేది! ఇదీ అంతే. చెట్లు వేరు, చలి వేరు.

ఎగిరిపడతాయి... ఎరకి రావు!

గాలం అంటే మనకి తెలిసింది వెదురుకర్ర, బెండు, వానపాము. ఇక్కడి సరంజామా వేరు. తళతళలాడే రేకు చెంచాలు, నీళ్లలో గిర్రున తిరిగే స్పిన్నర్లు, తలకి సీసపు గుండు, తోకకి రంగు ఈకలు కట్టిన జిగ్‌లు. వాటన్నిటి వెనకా కొక్కెం. కొక్కెం కొసన చేప తప్పించుకోకుండా వెనక్కి తిరిగి ఉండే చిన్నముల్లుని మాత్రం పటకారుతో నొక్కేసి ఉన్నాయి. ముల్లుంటే చేప నోరు చీలుతుందట. నదిలో చాలాచోట్ల ముల్లు లేని కొక్కెం వాడాలన్నది నిబంధన కూడా.

పడవ ఓ మలుపులో ఆగింది. తెడ్డు చప్పుడు కూడా కాకుండా దుంగకి తాడు కట్టాడు. పోటు మొదలైంది. రెల్లుదుబ్బులు ఒక్కొక్కటే నీళ్లలో మునుగుతున్నాయి. అప్పుడు చూశాం... పాయ మధ్యలో వెండిరంగు వీపు ఒకటి పైకి తేలి మునిగింది. మరో చోట ఇంకోటి. తర్వాత ఒకటి ఏకంగా మూరెడు ఎత్తు ఎగిరి ధబ్బున పడింది. కోహో సాల్మన్లు! పోటుతో పాటే సముద్రంలోంచి పాయలోకి వస్తున్నాయి. ఒక్కోటీ మూడు నుంచి అయిదు కిలోలు ఉంటుందట.

కళ్లెదుట అన్ని చేపలుంటే గాలం వేయడమే ఆలస్యం అనుకుంటాం. అక్కడే ఉంది తిరకాసు. సముద్రం వదిలి మంచినీళ్లలోకి రాగానే సాల్మన్‌ తిండి మానేస్తుంది. అప్పటిదాకా ఒంట్లో కూడబెట్టుకున్న కొవ్వుతోనే మిగతా ప్రయాణమంతా. మరి ఆకలి లేని చేప ఎరని ఎందుకు పడుతుంది? కోపంతో పడుతుందని కొందరంటారు, పాత అలవాటు కొద్దీ పడుతుందని కొందరు. అందుకే ఇక్కడ ఎర రుచి కంటే ఎర నడక ముఖ్యం. జిగ్‌ని విసిరి, మునగనిచ్చి, కర్ర కొసని చటుక్కున పైకి లాగి వదలాలి. మళ్లీ మునుగుతుంది, మళ్లీ లాగాలి. చేప ముక్కు ముందు ఓ జీవి తుళ్లిపడుతున్నట్టు ఉండాలి. చేప ఎగిరినచోటే గాలం వేస్తే లాభం లేదు. అది ఎటు వెళ్తోందో చూసి నాలుగు బారలు ముందుకి వేయాలి. పడవలో బూటు చప్పుడు చేసినా, నీడ నీళ్లమీద పడినా అంతే సంగతులు. లోతు లేని నిలకడ నీళ్లు కాబట్టి చేపకి అన్నీ తెలిసిపోతాయి.

రెండు గంటలు గడిచాయి. మా చుట్టూ కోహోలు ఎగురుతూనే ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా మా గాలం వైపు చూడలేదు! 'పాయలో కోహో అంతే. వంద ఎగురుతాయి, ఒకటి పడుతుంది. ఆ ఒకటీ పడని రోజులే ఎక్కువ' అంటూ ఆ కుర్రాడు ఫ్లాస్కులోంచి కాఫీ పోశాడు.

గొంతు కింద ఎర్రగీత

కోహోలని వాటి మానాన వదిలేసి సన్నటి దారం, చిన్న ఎర తీశాడు. చేపపిల్లలా కనిపించేలా తెల్లటి ఈకలతో కట్టింది. దాన్ని పాయ మధ్యకి కాకుండా ఒడ్డు వారగా, నీళ్లలోకి ఒరిగిన చెట్టుకి జానెడు దూరంలో పడేలా వేశాడు. జానెడు ఇటైతే చేప రాదు, జానెడు అటైతే కొమ్మకి చిక్కుకుంటుంది. మూడోసారికి దారం బిగిసింది.

వచ్చింది మూరెడు కూడా లేని చేప. ఒళ్లంతా ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. దవడ కింద మాత్రం కుంకుమతో గీసినట్టు ఎర్రటి గీత. ఆ గీతని చూసే దీనికి గొంతు తెగినది అన్న అర్థంలో కట్‌త్రోట్‌ అని పేరు పెట్టారు. ట్రౌట్‌ జాతి. కశ్మీర్‌, హిమాచల్‌ యాత్రలకి వెళ్లినవాళ్లు ట్రౌట్‌ పేరు వినే ఉంటారు. మన దేశంలో ఉన్నవి బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన రకాలు. ఇది మాత్రం ఈ తీరంలోనే పుట్టింది. కొన్నాళ్లు సముద్రం అంచున, కొన్నాళ్లు పాయల్లో గడుపుతుంది. శరదృతువులో సాల్మన్లు నదిలోకి మళ్లగానే వాటి వెనకే ఇదీ బయల్దేరుతుంది. సాల్మన్‌ గుడ్లంటే దీనికి అంత ఇష్టం.

అతను చేతులు తడుపుకుని, చేపని నీళ్లలోంచి బయటకి తీయకుండానే కొక్కెం వదులుచేశాడు. తల ప్రవాహం వైపు పెట్టి కాసేపు పట్టుకున్నాడు. మొప్పలు నాలుగైదుసార్లు ఆడాయి. తోక ఒక్క విదిలింపు... మాయం!

మామయ్యగారి ముఖం చూడాలి అప్పుడు! 'ఇంత దూరం వచ్చి, లైసెన్సుకి డబ్బు కట్టి, చలిలో మూడు గంటలు కూర్చుని... పట్టిన చేపని వదిలేయడమా?'

అన్నయ్య ఇంగ్లిష్‌లోకి మార్చి చెబితే ఆ కుర్రాడు నవ్వి వివరించాడు. గుడ్లు పెట్టాక పసిఫిక్‌ సాల్మన్‌ చనిపోతుంది. కట్‌త్రోట్‌ అలా కాదు, బతికి బట్టకట్టి మళ్లీ గుడ్లు పెట్టగలదు. ఈరోజు వదిలిన చేప పై ఏడాది ఇదే చెట్టు కింద ఉండొచ్చు. సాల్మన్‌ విషయంలో లెక్క మరోలా ఉంటుంది. హేచరీలో పెంచి వదిలే పిల్లలకి వీపు మీద, తోకకి దగ్గరగా ఉండే చిన్న మెత్తటి రెక్కని కత్తిరిస్తారు. పట్టిన చేపకి ఆ రెక్క లేకపోతే అది హేచరీది. ఉందంటే నదిలో పుట్టిన సొంత బిడ్డ అయి ఉండొచ్చు. ఏ రకాన్ని ఉంచుకోవచ్చు, దేన్ని వదలాలి అన్నది ఏటా, ఒక్కోసారి వారానికోసారి కూడా ప్రభుత్వం మారుస్తుంది. వదలాల్సిన సాల్మన్‌నీ, స్టీల్‌హెడ్‌నీ నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తడమే ఇక్కడ నేరం. చేతిలో పట్టుకుని ఫొటో దిగుతానంటే కుదరదన్నమాట!

పులసకి చుట్టమే

సాల్మన్‌ కథ వింటుంటే మామయ్యగారికి పులస గుర్తొచ్చింది. రాదూ మరి? పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత పుట్టిన ఊళ్లవాళ్లాయె. సముద్రంలో ఉన్నప్పుడు అది విలస. వానాకాలం ఎర్రనీరు రాగానే గోదావరిలోకి ఎదురీది పులస అవుతుంది. గుడ్లు పెట్టడానికి ఉప్పునీళ్లు వదిలి మంచినీళ్లలోకి రావడంలో పులసా, సాల్మనూ ఒకటే. రుచి ఆ ఎదురీతలోనే ఉందంటారు మనవాళ్లు.

తేడా ఏమిటంటే... కోహో పుట్టిన పిల్ల వెంటనే సముద్రానికి పోదు. గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి బయటపడ్డాక ఏడాదికి పైగా మంచినీళ్లలోనే గడుపుతుంది. చలికాలం వరదలొస్తే పెద్దనదిలో వేలెడు పిల్ల నిలవలేదు, కొట్టుకుపోతుంది. అప్పుడు దానికి దిక్కు పక్కపాయే. చినూక్‌ పిల్లల అవసరం ఇంకోరకం. వసంతంలో వేలకొద్దీ కిందికి కొట్టుకొచ్చి, సముద్రంలోకి దిగేముందు ఈ పోటుపాయల్లో కొన్ని వారాలు ఆగుతాయి. తిని బలిసి, ఉప్పునీటికి ఒళ్లు అలవాటు చేసుకుంటాయి. పాయలో చోటు చాలకపోతే చిన్నగా ఉండగానే సముద్రంలోకి వెళ్లిపోవాలి. అలా వెళ్లినవాటిలో తిరిగొచ్చేవి తక్కువ.

రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది ఒక్కో తల్లి కోహో. వాటిలో పెద్దవై తిరిగి వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ నాలుగూ రావాలంటే ఈ బురదపాయలు ఉండాలి.

గట్టు తెంపుతారా!

మధ్యాహ్నం పడవ ఒడ్డుకి చేర్చి గట్టు మీద నడిచాం. ఒకచోట పాతగట్టు ఉన్నట్టుండి ఆగిపోయింది. కోసేసిన కేకులా నిలువుగా అంచు. అవతల పోటునీళ్లు పొలంలోకి స్వేచ్ఛగా వచ్చిపోతున్నాయి.

'వరదకి తెగిందా?' అడిగారు మామయ్యగారు.

'కాదు, తెంపారు. చేపల కోసం' అన్నాడు అన్నయ్య.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 1986 ఆగస్టులో గోదావరి వరదకి గట్లు తెగినప్పుడు కోనసీమ ఎలా ఉందో చూసిన మనిషి. రాత్రంతా ఇసుక బస్తాలు మోసి గట్టు నిలబెట్టుకోవడానికి ఊరంతా ఎలా కష్టపడిందో దారిలో చెబుతూనే ఉన్నారు. గట్టు తెగడమంటే అక్కడ ఇల్లు పోవడం. అలాంటిది... కావాలని తెంపడమా?

ఈ దీవికీ ఆ భయం తెలియంది కాదు. 1990 నవంబరు వరదలో ఫర్‌ ఐలాండ్‌ గట్టు తెగి పొలాలూ, ఇళ్లూ మునిగాయి. అయినా గట్టు ఎందుకు తెంపారో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1860ల నుంచి వలస వచ్చిన రైతులు ఈ డెల్టాకి గట్లు కట్టడం మొదలుపెట్టారు. పోటునీటిని ఆపి బంగారం పండే నేల సంపాదించారు. మనం ఫొటోలు దిగే తులిప్‌ తోటలూ ఆ చదును నేలల్లోనివే. పొలాల మురుగు బయటికి పోయేలా, సముద్రపు నీరు లోపలికి రాకుండా ఒకవైపే తెరుచుకునే తలుపుల్ని పాయల నోటికి బిగించారు. దాంతో చేపకీ తలుపు మూసినట్టయింది. గట్లకి ముందు ఉన్న పోటుపాయల్లో, చిత్తడినేలల్లో నూటికి డెబ్భై పాళ్లకి పైగా అలా పోయాయి.

నష్టపోయింది చేపలొక్కటే కాదు. స్వినోమిష్‌, అప్పర్‌ స్కాజిట్‌, సాక్‌-సుయాటిల్‌ తెగలవాళ్లకి సాల్మన్‌ తిండీ, బతుకూ, పండగా. 1855లో పాయింట్‌ ఎలియట్‌ ఒప్పందంతో ఇక్కడి తెగలు భూములు వదులుకున్నాయి గానీ, అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు వదులుకోలేదు. ఆ మాటని ప్రభుత్వం మరిచిపోతే కోర్టుకెక్కారు. పట్టదగ్గ చేపల్లో సగం వాటా తెగలదేనని 1974లో జడ్జి జార్జ్‌ బోల్ట్‌ తీర్పిచ్చారు. వాటా అయితే వచ్చింది, పంచుకోవడానికి చేపలేవీ? 1999లో ప్యూజెట్‌ సౌండ్‌ చినూక్‌ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఆ చినూక్‌నే ప్రధానంగా తిని బతికే ఇక్కడి ఓర్కా తిమింగలాలు డెబ్భై చిల్లర మాత్రమే మిగిలాయి.

అప్పుడు అందరి చూపూ ఈ పాయల మీద పడింది. తెగలవాళ్ల శాస్త్రజ్ఞులు ఏళ్లతరబడి చిన్నవలలతో పిల్లచేపల్ని లెక్కపెట్టి, డెల్టాలో చోటు చాలకపోవడమే చినూక్‌కి పెద్ద అడ్డంకుల్లో ఒకటని తేల్చారు. కానీ చోటివ్వాలంటే పొలం వదలాలి. పొలం వదలమంటే రైతు ఊరుకుంటాడా? ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 'తిండి పండే నేలని నీళ్లపాలు చేస్తారా' అన్న రైతు మాటలో న్యాయం లేదని ఎవరంటారు? 'మా తిండి మునిగినప్పుడు ఎవరడిగారు' అన్న తెగలవాళ్ల మాటలోనూ అంతే న్యాయం ఉంది.

చివరికి కొన్నిచోట్ల మధ్యేమార్గం దొరికింది. 2016లో ఇదే దీవిలోని ఫర్‌ ఐలాండ్‌ ఫామ్‌ అనే చోట రాష్ట్ర చేపల, వన్యప్రాణి శాఖ తన అధీనంలోని పొలంలో ముందు లోపలివైపు మరింత బలమైన కొత్తగట్టు కట్టించింది. వెనకాల పొలాల మురుగు పోయే ఏర్పాటూ చేసింది. ఆ తర్వాతే పాతగట్టు తీసేసింది. సుమారు 130 ఎకరాలు మళ్లీ పోటునీటికి దక్కాయి. వైలీ స్లూ దగ్గరా, కాన్వే ఊరి పక్కన ఫిషర్‌ స్లూ దగ్గరా ఇలాంటి పనులే జరిగాయి. తెరిచిన పాయల్లోకి సాల్మన్‌ పిల్లలు వాటంతటవే వచ్చి చేరాయి. పిలవాల్సిన పని లేకపోయింది!

మామయ్యగారు కొత్తగట్టు మీదికి ఎక్కి, కాలితో ఒకటి రెండుసార్లు తొక్కి చూశారు. మట్టి పనితనం తెలిసినవాళ్లు అలాగే చూస్తారు. అటు పొలం, ఇటు పాయ. 'గట్టు తెంపలేదయ్యా, వెనక్కి జరిపారు. అన్నదమ్ములు హద్దురాయి జరుపుకున్నట్టు. అయితే మనకి ఇంత జాగా ఎక్కడిది? లంకలో గజం నేలకి పది ప్రాణాలు ఆధారం' అన్నారు. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు.

ఎగువకి వెళ్తే...

మర్నాడు నది వెంట తూర్పుకి వెళ్లాం. 20వ నంబరు హైవే మీద కాంక్రీట్‌, రాక్‌పోర్ట్‌, మార్బుల్‌మౌంట్‌ అనే చిన్న ఊళ్లు వరసగా వస్తాయి. ఇక్కడ పాయలు మరోరకం. పోటుపాట్లు ఉండవు. నది ఎప్పుడో దారి మార్చుకున్నప్పుడు వదిలేసిన పాత కాలువలు. గులకరాళ్ల అడుగు నుంచి ఊటనీరు ఊరుతుంది కాబట్టి చలికాలంలోనూ గడ్డకట్టవు. చమ్‌ సాల్మన్లు గుడ్లు పెట్టడానికి ఇలాంటిచోట్లకి వస్తాయి.

ఒడ్డున నిలబడి చూస్తే నీటి అడుగున చాపంత మేర రాళ్లు తెల్లగా, కడిగినట్టు కనిపిస్తాయి. తల్లిచేప తోకతో తవ్వి గుడ్లు పెట్టి కప్పిన చోటది. గాలం వేసేవాళ్లయినా, ఊరికే నీళ్లలోకి దిగేవాళ్లయినా దాన్ని తొక్కకూడదు. ఒక్క అడుగుకి కింద ఎన్ని గుడ్లు చితుకుతాయో! ఇక్కడివాళ్లు పిల్లలకి ఈత కంటే ముందు ఈ సంగతి నేర్పుతారేమో అనిపించింది. ఓ పదేళ్ల పాప మమ్మల్ని ఆపి, వేలితో చూపించి, చుట్టూ తిరిగి వెళ్లమంది.

గుడ్లు పెట్టిన చేపలు అక్కడే చనిపోతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో వాటిని తినడానికి వందల సంఖ్యలో బాల్డ్‌ ఈగల్స్‌ ఈ ఒడ్డున చేరతాయి. తెల్లతల గద్దలు ఆకులు రాలిన చెట్ల మీద కాయల్లా వేలాడతాయట. మిగిలిన కళేబరాలు నీటిపురుగులకి మేత. ఆ పురుగులే వచ్చే వసంతంలో పిల్లచేపలకి మేత. తల్లి చచ్చాక కూడా బిడ్డకి అన్నం పెడుతోందన్నమాట.

అన్నయ్య పెట్టెలో ఒక్క చేపా లేదు. రాత్రికి వదిన కొట్లో కొన్న సాల్మన్‌తోనే చింతపండు పులుసు పెట్టింది. పులుసు బావుంది. మామయ్యగారు మాత్రం ఓ ముద్ద తిని, 'ఇది ఏ పాయలో పెరిగిందో' అన్నారు.

ఈసారి ఏప్రిల్‌లో తులిప్‌ పండక్కి వెళ్లేవాళ్లు ఉంటే ఓ మాట. 1984లో మొదలైన సంబరమది, పూలు చూడాల్సిందే. ఫొటోలూ దిగండి. ఆ తర్వాత ఓ అరగంట మిగుల్చుకుని ఫర్‌ ఐలాండ్‌ గట్టు ఎక్కండి. సరిగ్గా పూలు పూసే ఆ రోజుల్లోనే చిటికెనవేలంత చినూక్‌ పిల్లలు ఆ బురదపాయల్లో గుంపులుగా తిరుగుతుంటాయి. పోటు నిండే వేళకి వెళ్లి, నీడ నీళ్ల మీద పడకుండా కదలకుండా కూర్చుంటే... కనిపిస్తాయి.

వెళ్లాలనుకుంటే...

• సియాటిల్‌ నుంచి మౌంట్‌ వెర్నన్‌కి కారులో గంటా గంటంపావు. ఫర్‌ ఐలాండ్‌కి కాన్వే ఊరి మీదుగా వెళ్లొచ్చు.

• కోహో, కట్‌త్రోట్‌లకి సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా అనువైన కాలం. పింక్‌ సాల్మన్లు పెద్ద సంఖ్యలో వచ్చేది బేసి సంఖ్య సంవత్సరాల్లోనే.

• పదిహేనేళ్లు నిండినవాళ్లు గాలం వేయాలంటే వాషింగ్టన్‌ రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి. చూడ్డానికి వెళ్లినవాళ్లకి ఒకటి రెండు రోజుల లైసెన్సులూ ఇస్తారు. చిన్నపిల్లలు సాల్మన్‌ పట్టినా ఆ వివరాలు రాసే కార్డు ఉండాలి.

• ఏ పాయలో ఏ రోజు ఏ చేప పట్టొచ్చన్నది మారుతూ ఉంటుంది. బయల్దేరే ముందు రాష్ట్ర చేపల శాఖ వెబ్‌సైట్‌ చూసుకోవాలి. వన్యప్రాణి ప్రాంతాల్లో బండి ఆపడానికి డిస్కవర్‌ పాస్‌ కావాలి.

• పోటుపాట్ల వేళలు చూడకుండా పడవ దించొద్దు. లైఫ్‌ జాకెట్‌, మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, వానకోటు మరవద్దు. బురద పైకి గట్టిగా కనిపించినా కాలు దిగిపోతుంది.

• శీతాకాలంలో 20వ నంబరు హైవేని కొండల్లో మంచు వల్ల మూసేస్తారు. గద్దలు కనిపించే రాక్‌పోర్ట్‌ దాకా మాత్రం మామూలుగా వెళ్లొచ్చు.